ఒకే బల్బు కింద రెండు సైన్సు కితాబులు

మా ఇంటి హాల్లో ఒకటే బల్బు ఉండేది. మగ్రిబ్ నమాజ్ అయ్యాక అమ్మీ దాని కింద చాప పరిచేది. చాపకు ఒక పక్క నేను, ఇంకో పక్క ఆపా. నాది తెలుగు మీడియం, ఆపాది ఉర్దూ మీడియం. ఒకే తల్లి పిల్లల బళ్ళు వేరు కావడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆడపిల్లల ఉర్దూ హైస్కూలు మా గల్లీ చివరే ఉండేది. మగపిల్లల ఉర్దూ బడి మా కస్బాలో ఏడో తరగతితోనే ఆగిపోయేది. అలా ఆపా అటు, నేను ఇటు.

అది 1984. నేను తొమ్మిదో తరగతి, ఆపా పది. ఒకరోజు ఇద్దరం ఒకేసారి పైకి చదువుతున్నాం. నేను ‘కిరణజన్య సంయోగక్రియ’ అంటుంటే, ఆపా ‘జియాయీ తాలీఫ్’ అంటోంది. నా మాట పొడవు కాబట్టి నా పాఠమే కష్టమైనదని నా వాదన. ‘చుప్ రే, నీది నాది వేరే సబక్’ అని ఆపా. గొడవ పెద్దదయ్యేసరికి అబ్బా వచ్చి రెండు కితాబులూ పక్కపక్కన పెట్టారు. కాసేపు చూసి, ‘ఆకు బొమ్మ రెండింట్లో ఒకటే ఉంది కదా బేటా’ అన్నారు. అంతే. గొడవ ఆగిపోయింది.

అబ్బా మర్హూమ్, అల్లాహ్ ఆయనకు జన్నత్ నసీబ్ చేయుగాక, తహసీల్ ఆఫీసులో గుమాస్తా. నిజాం జమానాలో మెట్రిక్ దాకా ఉర్దూలోనే చదివారు. ఫిజిక్సును ఆయన ‘తబీయాత్’ అనేవారు, కెమిస్ట్రీని ‘కీమియా’ అనేవారు. ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చాయో, ఎవరు తయారు చేశారో అప్పట్లో నేను అడగలేదు. ఈ మధ్య ఆపా మనవరాలి సైన్సు పుస్తకం చేతికి తీసుకున్నాక ఆ తారీఖ్ అంతా మళ్ళీ వెనక్కి వెళ్ళి చదవాలనిపించింది. మన పిల్లలకు హైస్కూల్లో సైన్సు ఏ జబాన్‌లో, ఎలా అందింది, ఎక్కడ తెగిపోయింది అన్నది మన వాలిదైన్ అందరికీ తెలిసి ఉండాలని ఇది రాస్తున్నాను.

చాలామంది ఈ కథను ఉస్మానియా యూనివర్శిటీ దగ్గర మొదలుపెడతారు. కానీ హైదరాబాదులో ఉర్దూ సైన్సు అంతకంటే దాదాపు ఎనభై ఏళ్ళ ముందే మొదలైంది. పాయెగా ఖాన్‌దాన్‌కు చెందిన నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, అంటే రెండో షమ్సుల్ ఉమరా, విలాయతీ సైన్సు కితాబులు తెప్పించి ఉర్దూలోకి తర్జుమా చేయించారు. సొంత రాతి ఛాపాఖానాలో అచ్చు వేయించారు. వాటిలో ‘సిత్తయె షమ్సియా’ పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు. ‘సిత్తా’ అంటే ఆరు. బరువులు ఎత్తే యంత్రాల ఇల్మ్, నక్షత్రాల ఇల్మ్, నీటి ఇల్మ్, గాలి ఇల్మ్, చూపూ వెలుగుల ఇల్మ్, కరెంటు ఇల్మ్, ఇలా ఆరు రిసాలాలు. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలు బండి కూడా నడవలేదు. ఆ రోజుల్లో పాతబస్తీలో ఒక ఉస్తాద్ కరెంటు గురించి ఉర్దూలో పాఠం చెప్పడానికి కితాబు ఉందన్నమాట.

అదే కాలంలో ఢిల్లీ కాలేజీలో మాస్టర్ రామచంద్ర అనే ఉస్తాద్ లెక్కలు, సైన్సు ఉర్దూలోనే చెప్పేవారు. 1850లో ఆయన అచ్చు వేయించుకున్న గణితం కితాబు లండన్ దాకా పోయింది. డిమోర్గన్ అనే ఇంగ్లీషు గణితవేత్త దాన్ని 1859లో అక్కడ మళ్ళీ అచ్చు వేయించాడు. రామచంద్ర కాయస్థుల ఇంట పుట్టి, తర్వాత క్రైస్తవం తీసుకున్న మనిషి. ఉర్దూలో సైన్సు అనేది ముసల్మానుల ఒక్కరి మెహనత్ కాదని ఆయన పేరు తలచుకుంటే గుర్తొస్తుంది. 1857 గదర్ ఆ కాలేజీని ఛిన్నాభిన్నం చేసింది. తర్వాత 1864లో సర్ సయ్యద్ గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ పెట్టి, దాన్ని అలీగఢ్ తీసుకుపోయి తర్జుమాలు చేయించారు. అయితే 1877లో పునాది రాయి పడ్డ ఆయన ఎం.ఏ.ఓ. కాలేజీలో మాత్రం పెద్ద చదువు ఇంగ్లీషులోనే సాగింది. జబాన్‌తో మొదలైన మనిషి కూడా కాలేజీ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు వైపు తిరిగాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

మన హైదరాబాదులో కూడా ఉస్మానియాకు ముందు పరిస్థితి అదే. నిజాం కాలేజీ మద్రాసు యూనివర్శిటీకి అనుబంధంగా ఉండేది. ఇల్మ్ ఇంగ్లీషులో, ఇంతిహాన్ ఇంగ్లీషులో. 1917లో అక్బర్ హైదరీ ఉర్దూ మీడియంలో ఒక యూనివర్శిటీ కావాలని ఏడో నిజాం ముందు అర్జీ పెట్టారు, మంజూరైంది. కాలేజీ మొదలుకాక ముందే అదే ఏడాది దారుత్తర్జుమా, అంటే తర్జుమాల ఆఫీసు తెరిచారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నాజిమ్. క్లాసులు 1919 ఆగస్టులో మొదలయ్యాయి. కితాబులు ముందు, క్లాసులు తర్వాత. ఈ వరస నాకు చాలా నచ్చిన విషయం. పుస్తకం లేకుండా మీడియం మార్చేసే పద్ధతి మనం ఈ కాలంలో చూస్తున్నాం కదా.

దారుత్తర్జుమాలో అసలు కష్టం ఇస్తిలాహాత్, అంటే సాంకేతిక పదాలు. ఒక్క ‘ఆక్సిడేషన్’కు ఏం పెట్టాలి? ‘ఎలక్ట్రాలిసిస్’కు ఏం పెట్టాలి? ఒక వర్గం అన్నీ అరబీ నుంచే తీసుకోవాలన్నది. పానీపత్ నుంచి వచ్చిన వహీదుద్దీన్ సలీమ్ వేరే దారి చెప్పారు. ఉర్దూకు సొంత వ్యాకరణం ఉంది, హిందీ ముక్కా ఫార్సీ ముక్కా అరబీ ముక్కా కలిపి కొత్త మాట కట్టుకునే తాఖత్ ఉంది, దాన్ని వాడుకోండి అన్నారు. ఆ వాదనంతా 1921లో వచ్చిన ఆయన ‘వజె ఇస్తిలాహాత్’ కితాబులో ఉంది. అరబీ మూసలో ‘తక్సీద్’ వచ్చింది, అదే ఆక్సిడేషన్. కరెంటుకు అరబీ మాట ‘బర్ఖ్’, దానికి ఫార్సీ ‘పాషీదగీ’ అతికిస్తే ‘బర్ఖ్ పాషీదగీ’ అయింది. కరెంటుతో విడగొట్టడమన్నమాట, మన తెలుగులో విద్యుద్విశ్లేషణ.

నాకు ఎక్కువ ఇష్టమైన మాట ‘అదసా’. అంటే లెన్సు, కటకం. ‘అదస్’ అంటే అరబీలో మసూర్ దాల్. మసూర్ గింజను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో ఉబ్బుగా, అంచుల్లో పలచగా, అచ్చం కుంభాకార కటకంలా ఉంటుంది. ‘లెన్స్’ అనే మాట కూడా లాటిన్‌లో ఆ గింజ పేరే. వంటింట్లో డబ్బా తెరిచి గింజ చూపించి ఈ పాఠం చెప్పే ఉస్తాద్ దొరికితే ఏ పిల్ల మరిచిపోతుంది?

ఈ చదువు పనికొచ్చిందా అని అడిగేవాళ్ళకు ఒక పేరు చెప్తాను. రజియుద్దీన్ సిద్దిఖీ. హైదరాబాదీ. ఉస్మానియాలో ఉర్దూ మీడియంలో చదివి కేంబ్రిడ్జ్ వెళ్ళారు. ఆ తర్వాత జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజన్‌బర్గ్ దగ్గర రీసెర్చ్ చేశారు. తిరిగి వచ్చి ఉస్మానియాలో లెక్కలు చెప్పారు. ఐన్‌స్టీన్ సాపేక్షత గురించి ఉర్దూలో కితాబు రాశారు. మీడియం ఉర్దూ అయినందుకు ఆయనకు దునియా తలుపులు మూసుకోలేదు. దానికి ఒక కారణం ఉంది. ఉస్మానియాలో ఇంగ్లీషు ఒక లాజ్మీ సబ్జెక్టు, తప్పించుకునే వీలు లేదు. అర్థం చేసుకోవడానికి ఒక జబాన్, బయటి లోకంతో మాట్లాడడానికి ఇంకో జబాన్. రెండూ పక్కపక్కన నడిచాయి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే అది ఇన్సాఫ్ కాదు. ఈ కథకు ఇంకో వైపు ఉంది, మనవాళ్ళు సాధారణంగా దాన్ని వదిలేస్తారు. నిజాం రాజ్యంలో ఎక్కువమంది రైతుల, కూలీల ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. హైస్కూలుకు వచ్చిన తెలుగు పిల్లవాడికి కూడా సైన్సు ఉర్దూలోనే వచ్చేది. లండన్ వాడి ఇంగ్లీషు మన పిల్లలకు ఎంత బరువో, నల్గొండ పల్లె పిల్లవాడికి ‘బర్ఖ్ పాషీదగీ’ అంత బరువు. మాదరీ జబాన్‌లో చదువు హక్కు అని చెప్పిన ఉస్మానియా, ఆ హక్కును రాజ్యంలో ఒక్క జబాన్‌కే ఇచ్చింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తెలుగులో చదువు కోసం గొంతెత్తింది ఇందుకే. అదే హైదరాబాదులో 1906లోనే కొమర్రాజు లక్ష్మణరావు గారు, ఆయన సాథీలు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు వేయించడం మొదలుపెట్టారు. అంటే దారుత్తర్జుమా పుట్టడానికి పదకొండేళ్ళ ముందు. రెండు జబాన్‌లు సైన్సు మాటలు కట్టుకుంటున్నాయి. ఒకదాని వెనక ఖజానా ఉంది, ఇంకొకదాని వెనక చందాలు ఉన్నాయి.

ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. ‘జియా’ మా ఇంటి మాట కాదు. మా ఇంట్లో వెలుగును ‘ఉజాలా’ అంటాం. మేం మాట్లాడేది దక్కనీ. ‘కైకూ’, ‘నక్కో’, ‘హౌ’ అనే పిల్లకు ‘జియాయీ తాలీఫ్’ కూడా కొత్త మాటే. నా ‘కిరణజన్య సంయోగక్రియ’ సంస్కృతం నుంచి వచ్చినట్టే ఆపా మాటలు అరబీ ఫార్సీల నుంచి వచ్చాయి. అయినా ఆపాకు ఒక వెసులుబాటు ఉండేది. మాట కొత్తదైనా, దాని చుట్టూ ఉన్న జుమ్లా పాతదే. ‘పత్తే ధూప్ మే అప్నీ గిజా బనాతే హైఁ’ అని ఉస్తానీ చెప్తే అమ్మీతో మాట్లాడినట్టే అర్థమయ్యేది. ఒక మాట నేర్చుకోవడం వేరు, వాక్యమంతా పరాయిదై ఉండడం వేరు.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది, ఇంగ్లీషు వచ్చింది. దారుత్తర్జుమా చేసిన వందల కితాబులు అల్మారాల్లోకి వెళ్ళాయి. కానీ హైస్కూళ్ళలో ఉర్దూ మీడియం మిగిలింది. ఇక్కడే అసలు నుఖ్సాన్ జరిగింది. నిచ్చెన కింది మెట్లు ఉంచి పై మెట్లు తీసేశారు. ఉర్దూలో పదో తరగతి దాకా ఎక్కిన పిల్ల, ఆ తర్వాత కాలు ఎక్కడ పెట్టాలి? తెలుగు మీడియం పిల్లలకు 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇంటర్‌కు, డిగ్రీకి తెలుగులో సైన్సు పుస్తకాలు వేసింది. నేను ఇంటర్‌లో ఫిజిక్సు అర్థం చేసుకున్నది ఆ పుస్తకాలతోనే. నాకు ఇంకో రెండు మెట్లు దొరికాయి. ఆపాకు దొరకలేదు.

ఆపా పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. సైన్సులో వాళ్ళ బడి మొత్తానికి ఎక్కువ మార్కులు ఆపావే. సైన్సు ఉస్తానీ కావాలన్నది ఆపా ఖ్వాబ్. మా కస్బా జూనియర్ కాలేజీలో సైన్సు గ్రూపు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండేది. ఉర్దూలో ఆర్ట్స్ మాత్రమే. ఉర్దూలో సైన్సు చదవాలంటే హైదరాబాదు పోవాలి, హాస్టల్లో ఉండాలి. గుమాస్తా జీతానికి అది అందదు. అయినా ఆపా ధైర్యం చేసి ఇంగ్లీషు మీడియంలో బైపీసీ చేరింది. మొదటి నెలలో ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి నా దగ్గర కూర్చుంది. ‘మున్నా, ఫొటోసింథసిస్ అని కొత్త పాఠం చెప్తున్నారు, ఏమీ అర్థం కావడం లేదు’ అన్నది. నేను డిక్షనరీ చూసి, ‘ఆపా, ఇది నీ జియాయీ తాలీఫే’ అన్నాను. ఆపా చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తనకు బాగా వచ్చిన పాఠమే పరాయి వేషంలో వస్తే తనకు రాదనుకుంది. ఒక్క కెమిస్ట్రీ క్లాసులోనే అలాంటి మాటలు వందలు. ఆరు నెలలకు కాలేజీ మానేసింది. ఆ తర్వాతి సంవత్సరం నికా అయింది.

ఆపా తెలివి తక్కువైంది ఎక్కడా? మాటలకు మాటలు జోడించిన పది పేజీల పట్టిక ఒకటి, ఉర్దూ ఒక పక్క, ఇంగ్లీషు ఒక పక్క, పదో తరగతిలోనే చేతికి ఇచ్చి ఉంటే సరిపోయేది. రజియుద్దీన్ సిద్దిఖీ కాలంలో పక్కపక్కన నడిచిన రెండు జబాన్‌లు, ఆపా కాలానికి ఒకదాని తర్వాత ఒకటి అయ్యాయి. మధ్యలో పుల్ లేదు.

అయితే జబాన్ ఒక్కటే సరిచేస్తే సైన్సు వచ్చేస్తుందనుకోవడం కూడా పొరపాటే. మా ఇద్దరి బళ్ళలోనూ సైన్సు గదిలో ఒక అల్మారా ఉండేది. అద్దాల వెనక బీకర్లు, ఒక ఖుర్ద్‌బీన్, రెండు కటకాలు. రెండు బళ్ళలోనూ దానికి తాళం ఉండేది. ‘పగిలితే ఎవరు కడతారు?’ అన్నది తెలుగు బళ్ళోనూ ఉర్దూ బళ్ళోనూ ఒకే జవాబు. మేం ప్రయోగాలు బోర్డు మీద చూశాం, కాపీలో బొమ్మ గీశాం, ఇంతిహాన్‌లో రాశాం. ఉర్దూలో ‘తజుర్బా’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి, ప్రయోగం అని, అనుభవం అని. మాకు మొదటిది లేదు కాబట్టి రెండోదీ రాలేదు.

ఇక్కడ ఇబ్న్ అల్ హైసమ్ గురించి చెప్పాలి. వాట్సాప్‌లో ఆయన బొమ్మ పెట్టి ‘అన్నీ మనవాళ్ళే కనిపెట్టారు’ అని పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆయన చేసిన పని ఏమిటో చెప్పేవాళ్ళు తక్కువ. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, కైరోలో ఉండి, ‘కితాబుల్ మనాజిర్’ రాశారు. మన షమ్సుల్ ఉమరా రిసాలాల్లో చూపూ వెలుగుల ఇల్మ్‌కు ఉన్న ‘మనాజిర్’ అన్న పేరు ఆ వారసత్వమే. వెలుగు ఎలా నడుస్తుందో వాదించి ఊరుకోకుండా, పరీక్ష పెట్టి చూసేవారు. ఆ పరీక్షకు ఆయన వాడిన మాట ‘ఏతిబార్’. ఈ మాట మన ఉర్దూలో కూడా ఉంది. కానీ మన దగ్గర దాని అర్థం నమ్మకం. పరీక్షించి చూడడం అనే మాట మన దాకా వచ్చేసరికి నమ్మేయడం అయిపోయింది. మన సైన్సు క్లాసుల్లో జరిగింది కూడా అదే.

ఇప్పటి సంగతికి వస్తాను. 2022–23 నుంచి తెలంగాణ సర్కారు బళ్ళలో ఇంగ్లీషు మీడియం మొదలైంది, రెండు జబాన్‌ల పాఠ్యపుస్తకాలు వచ్చాయి. ఒక పేజీ ఇంగ్లీషు, దాని ఎదురు పేజీ తెలుగు లేదా ఉర్దూ. ఆపా మనవరాలి చేతిలో ఉన్నది అలాంటి పుస్తకమే. మీడియం ఏది మంచిదన్న బహస్‌లోకి నేను పోను. కానీ ఆ పుస్తకం చూడగానే ఆపా అన్న మాట చెప్తాను. ‘ఇది నాకు నలభై ఏళ్ళ కింద ఇవ్వలేదేం రా మున్నా?’ ఆపాకు ఇప్పుడు అద్దాలు లేకుండా అక్షరాలు ఆనవు. అయినా ఉర్దూ పేజీ మీద ఒక వేలు, ఇంగ్లీషు పేజీ మీద ఒక వేలు పెట్టుకుని మనవరాలితో కలిసి చదువుతుంది. చాలా ఇళ్ళలో ఆ ఎదురు పేజీని ఎవరూ తెరవడం లేదు. ట్యూషన్ సార్ ఇంగ్లీషు పేజీలోని జవాబులకు గీతలు గీసి బట్టీ పెట్టిస్తాడు. మీ పిల్లల పుస్తకం తీసి చూడండి. ఎదురు పేజీ కొత్తగా, మడత పడకుండా ఉందంటే ఆ పుల్ మీద మీవాళ్ళు నడవడం లేదన్నట్టే.

ఇంకో పని బళ్ళో చేయాల్సింది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీల్లో ఎక్కువమంది వాలిదైన్‌లే ఉంటారు. మీటింగుకు పోయినప్పుడు మార్కులు, మధ్యాహ్న భోజనం అడిగినట్టే, ‘ఈ నెలలో పిల్లలు చేతులతో చేసిన తజుర్బా ఏది?’ అని ఒక్క సవాల్ అడగండి. అల్మారా తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి. సార్ మీద కోపంతో అడగొద్దు. పగిలిన బీకరుకు జీతం నుంచి కట్టాల్సి వస్తుందని ఆయనకూ భయమే. పగిలితే కమిటీ కొంటుందని ముందే చెప్పండి.

బళ్ళో అయ్యే లోపు ఇంట్లో కూడా చేయొచ్చు. మొన్న జుమా రాత్రి మా ఇంట్లో చేసింది ఇదే. ఇబ్న్ అల్ హైసమ్ తన కితాబులో రాసిన పరీక్ష. లైట్లన్నీ ఆర్పేసి, మూడు మోంబత్తీలు వరసగా వెలిగించాం. వాటి ముందు చెప్పుల డబ్బా అట్టకు పెన్ను మొనతో ఒక చిన్న రంధ్రం చేసి పట్టుకున్నాం. అవతల ఒక తెల్ల కాగితం. కాగితం మీద మూడు వెలుగు మచ్చలు పడ్డాయి. మనవరాలు ఎడమ చివర మోంబత్తీకి చెయ్యి అడ్డం పెట్టింది. కాగితం మీద కుడి చివర మచ్చ మాయమైంది. చెయ్యి తీసింది, మచ్చ వచ్చింది. మూడు వెలుగులూ ఒకే రంధ్రంలోంచి పోతున్నా ఒకదానితో ఒకటి కలిసిపోవడం లేదు, దేని దారిన అది పోతోంది. పిల్ల పదిసార్లు చెయ్యి పెట్టి తీసి చూసింది. తర్వాత పుస్తకం తెచ్చి ఆ పాఠం రెండు పేజీలూ తనే చదువుకుంది.

ఆపా పక్కనే కూర్చుని చూస్తోంది. ‘మా ఉస్తానీ ఇది బోర్డు మీద గీసింది’ అని, మోంబత్తీ ముందుకు తన చెయ్యి కూడా చాపింది.